మెడ, నడుము నొప్పులకు రోగుల రిజిస్ట్రీ: ఏం అడగాలి, ఆ జవాబులతో ఏం చేయాలి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. వెన్నునొప్పి విభాగంలో రోగుల రిజిస్ట్రీ, అంటే రోగుల వివరాలు, జవాబులు క్రమపద్ధతిలో నమోదు చేసే ఏర్పాటు, మొదలుపెట్టమని మీకు పైనుంచి ఆదేశం వచ్చింది. ఇప్పటికే కాగితాల పనితో సతమతమవుతున్న ఫిజియోథెరపిస్టుల మీద ఇంకో భారం వేస్తే రోగికి ఒరిగేదేమిటన్నది మొదటిది. ఒరిగేది ఉంటే ఏయే వివరాలు తీసుకోవాలన్నది రెండోది. మొండి నొప్పులతో వచ్చేవారే ఎక్కువగా ఉన్న మీ విభాగాన్ని, తేలిక కేసులు చూసే చోటుతో పోల్చి తక్కువ చేస్తారేమోనన్న భయం మూడోది. చాలా ఏళ్లుగా వెన్ను రోగుల పునరావాసంలోనూ, వారి రికార్డుల విశ్లేషణలోనూ పనిచేస్తున్నాను కాబట్టి కొంత వివరంగానే రాస్తున్నాను.

రోగికి మేలు జరుగుతుంది, కానీ ఒక షరతు మీద. రోగి ఇచ్చిన జవాబు అదే రోజు, ఆయనకు వైద్యం చేసే మనిషి కళ్ల ముందుకు రావాలి. ఫారం నింపించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏడాది చివర నివేదికలో ఒక పట్టికగా చూపడమే ఉద్దేశమైతే మొదలుపెట్టకండి. నొప్పితో కూర్చోలేక కూర్చున్న మనిషి చేత పది నిమిషాలు రాయించుకుని, ఆ రాసింది ఎవరూ చదవకపోవడం అన్యాయం. మిగతా సలహా అంతా ఈ షరతును ఎలా నెరవేర్చాలన్నదే.

మెడ, నడుము నొప్పులకే రిజిస్ట్రీ ఎందుకంత అవసరమో చూడండి. మధుమేహం ఉన్నవారికి రక్తంలో చక్కెర కొలుస్తాం, రక్తపోటుకు పట్టీ కట్టి చూస్తాం. వెన్నునొప్పికి అలాంటి కొలత లేదు. నడుమునొప్పితో వచ్చేవారిలో దాదాపు 90 శాతం మందికి ఫలానా ఎముకో, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే ఫలానా డిస్కో కారణమని తేల్చి చెప్పలేం. స్కాన్ ఆ లోటు తీరుస్తుందనుకుంటే అదీ తీర్చదు. నొప్పే లేనివారి స్కాన్లను సమీక్షించి 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం డిస్కు అరుగుదల 20 ఏళ్లవారిలోనే 37 శాతం మందిలో, 80 ఏళ్లవారిలో 96 శాతం మందిలో కనిపించింది. అంటే చికిత్స తర్వాత మళ్లీ ఎమ్మారై తీసినా రోగి బాగుపడ్డాడో లేదో తెలియదు. అరగంట కూర్చోగలుగుతున్నాడా, రాత్రి నిద్ర పడుతోందా, పనికి వెళ్తున్నాడా అన్నది రోగే చెప్పాలి. ఆ మాటను అందరి దగ్గరా ఒకే ప్రశ్నలతో, నిర్ణీత సమయాల్లో తీసుకుని దాచడమే రిజిస్ట్రీ చేసే పని. అది లేనప్పుడు మనం జ్ఞాపకం మీద ఆధారపడతాం. బాగుపడి కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చినవారు గుర్తుంటారు, కోపంగా వచ్చి నిలదీసినవారు గుర్తుంటారు. తగ్గక, మాట్లాడక, మరో చోటికి వెళ్లిపోయినవారు ఎవరికీ గుర్తుండరు. వారి గురించి తెలుసుకోవడానికే నాకు రిజిస్ట్రీ కావాలి. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుమునొప్పి, 20.3 కోట్ల మందికి మెడనొప్పి ఉన్నాయని అంచనా. ఇంతమందికి చేసే వైద్యంలో ఏది పనిచేస్తోందో లెక్క లేకుండా సాగడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ 1910ల్లోనే, ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ తర్వాత మళ్లీ చూసి ఫలితం రాసి బయటపెట్టాలని పట్టుబట్టాడు. తోటి వైద్యులు ఆయన్ను దూరం పెట్టారు. వెన్ను విషయంలో ఆ పనిని పెద్ద ఎత్తున చేసి చూపింది స్వీడన్. అక్కడి వెన్ను శస్త్రచికిత్సల రిజిస్ట్రీ స్వేస్పైన్ 1993లో మొదలైంది. ఆపరేషన్‌కు ముందు రోగి ప్రశ్నావళి నింపుతాడు. తర్వాత ఒకటి, రెండు, అయిదు, పదేళ్లకు మళ్లీ ప్రశ్నలు అందుతాయి. ఫలితం ఎలా ఉందో చెప్పేది రోగి, సర్జన్ కాదు.

ఆ రిజిస్ట్రీ వైద్యాన్ని ఎలా మార్చగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. వయసు మీద పడ్డాక నడుములో నరాలు వెళ్లే దారి ఇరుకై, నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగేసి నిలబడిపోవాల్సి వస్తుంది. ఆపరేషన్‌లో ఆ ఇరుకును విడదీస్తారు. చాలామంది సర్జన్లు దాంతోపాటు వెన్నుపూసలను స్క్రూలతో బిగించి అతికించే ఫ్యూజన్ కూడా చేసేవారు, ముఖ్యంగా ఒక పూస కాస్త ముందుకు జారి ఉన్నప్పుడు. బిగిస్తే మేలన్నది నమ్మకం. 2013లో స్వేస్పైన్‌లోని 5390 మంది వివరాలను రెండేళ్ల ఫలితాలతో చూస్తే, ఫ్యూజన్ కలిపినవారికి అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు. వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది: ఫ్యూజన్ చేసినవారు మొదటినుంచే ఎక్కువ కష్టంలో ఉన్నవారు కావచ్చు కదా? న్యాయమైన అభ్యంతరమే. రిజిస్ట్రీ ఎన్ని వేలమందిని చేర్చినా ఎవరికి ఏ చికిత్స అన్నది చీటీ వేసి నిర్ణయించదు, వైద్యుడు ఎంచుతాడు. దాన్ని తేల్చడానికి స్వీడన్ వైద్యులే 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 247 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి పరీక్షించారు. 2016లో ఫలితం వచ్చింది. రెండేళ్లకు రెండు వర్గాలూ సమానం. ఆసుపత్రిలో గడిపిన రోజులు మాత్రం ఫ్యూజన్ వర్గంలో సగటున 7.4, మరో వర్గంలో 4.1. అదే సమయంలో వచ్చిన ఒక చిన్న అమెరికా ప్రయోగంలో ఫ్యూజన్ వైపు స్వల్పంగా మొగ్గు కనిపించింది కాబట్టి చర్చ అక్కడితో ఆగలేదు. 2007లో తమ రిజిస్ట్రీ మొదలుపెట్టిన నార్వే వైద్యులు, పూస జారిన 267 మందితో చేసిన ప్రయోగం ఫలితాలను 2021లో ప్రచురించారు. ఇరుకు విడదీస్తే చాలని, ఫ్యూజన్ కలపకపోయినా ఫలితం తీసిపోదని అది చూపింది.

ఇందులో నేను నేర్చుకున్నది ఇది. రోజూ చేసే పనిలో ఏది అనవసరమో అనుమానం పుట్టించడం రిజిస్ట్రీ బలం. ఆ అనుమానాన్ని తీర్చడం ప్రయోగం పని. మీ రిజిస్ట్రీలోని అంకెలు చూసి ‘మా చికిత్స వల్లే ఇంతమందికి తగ్గింది’ అని ఎవరైనా ప్రకటించబోతే ఆపండి. జనం నొప్పి బాగా ముదిరినప్పుడే వైద్యుడి దగ్గరికి వస్తారు. ఏ చికిత్సా చేయకపోయినా వారిలో చాలామందికి కొన్ని వారాల్లో కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను మన ఖాతాలో వేసుకోకూడదు.

ఇక మీ విభాగం సంగతి. పేరున్న వెన్ను రిజిస్ట్రీల్లో చాలావరకు శస్త్రచికిత్సలవే. మెడ, నడుము నొప్పులున్నవారిలో అత్యధికులు ఆపరేషన్ బల్ల ఎక్కరు. వారికి దక్కేది వ్యాయామం, సలహా, మాత్రలు, చేతులతో చేసే చికిత్స. లెక్క అసలు లేనిది అక్కడే. డెన్మార్క్‌లో మిడిల్‌ఫార్ట్ వెన్ను కేంద్రంవారి స్పైన్‌డేటా, నార్వేలో మెడ, వెన్ను రోగుల కోసం పెట్టిన మరో రిజిస్ట్రీ ఈ లోటును పూడ్చడానికే వచ్చాయి. మీరు మొదలుపెట్టబోయేది ఆపరేషన్‌తో పనిలేని ఈ రెండో రకం కాబట్టి దానికున్న రెండు చిక్కులు ముందే తెలుసుకోవాలి.

మొదటిది, ఆపరేషన్‌కు తేదీ ఉంటుంది, వ్యాయామ చికిత్సకు అలాంటి తేదీ ఉండదు. మీ దగ్గరికి వచ్చేనాటికే ఆ మనిషి ముగ్గురిని చూసి, రెండు రకాల మాత్రలు వాడి ఉంటాడు. అందుకని మీ విభాగంలో మొదటిసారి చూసిన రోజునే లెక్క మొదలయ్యే రోజుగా పెట్టుకోండి. మళ్లీ అడగడం మూడు నెలలకు, ఏడాదికి. అంతకన్నా ఎక్కువసార్లు పెట్టుకుంటే సిబ్బంది అలిసిపోతారు, రోగులు జవాబివ్వడం మానేస్తారు.

రెండోది ఇంకా ముఖ్యమైనది, దాదాపు అందరూ తేలిగ్గా తీసుకునేది: ఏ చికిత్స ఇచ్చామో రాయడం. ఫారంలో ‘ఫిజియోథెరపీ’ అని గడి పెట్టి టిక్కు కొట్టిస్తే ఆ రిజిస్ట్రీ ఎన్నేళ్లు నడిచినా ఏమీ చెప్పదు. ఒకరికి ఆ మాట అర్థం వేడి కాపడం, ఇంకొకరికి పక్కన నిలబడి క్రమంగా బరువు పెంచుతూ చేయించిన వ్యాయామం, మరొకరికి బొమ్మలున్న కాగితం చేతికిచ్చి పంపడం. ఎన్నిసార్లు వచ్చారు, వ్యాయామం దగ్గరుండి చేయించారా లేక ఇంటికే చెప్పి పంపారా, చేతులతో చికిత్స చేశారా, నొప్పి గురించి ఏమని వివరించారు, మందులేమిటి అన్నవి విడివిడిగా ఉండాలి. ఏం వివరించామన్నది ఎందుకంటారా? ‘మీ డిస్కు పూర్తిగా అరిగిపోయింది, వంగవద్దు’ అని విన్న రోగికీ, ‘నొప్పి ఉన్నా వెన్ను బలంగానే ఉంది, మెల్లగా కదలండి’ అని విన్న రోగికీ తర్వాత కోలుకునే తీరు వేరుగా ఉంటుంది. అదీ చికిత్సలో భాగమే.

రోగిని అడగాల్సిన వాటిలో మొదటిది గత వారంలో నొప్పి, సున్నా నుంచి పది వరకు. నడుమునొప్పి వేరుగా, కాలులోకి పాకే నొప్పి వేరుగా అడగండి. మెడకూ చేతికీ అంతే. రెంటినీ కలిపి అడిగితే నరం నొక్కుకున్నవారి మార్పు కనబడకుండా పోతుంది. తర్వాత రోజువారీ పనులు. నడుముకు 1980 నుంచి వాడుకలో ఉన్న ఓస్వెస్ట్రీ సూచిక ఉంది. పది అంశాలు, స్కోరు సున్నా నుంచి వంద, ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువ. మెడకు దాని నమూనాలోనే 1991లో వచ్చిన నెక్ డిజబిలిటీ ఇండెక్స్, అందులోనూ పది అంశాలే. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయంవారి తొమ్మిది ప్రశ్నల స్టార్ట్ బ్యాక్ అనే ప్రశ్నావళి కూడా పెట్టండి. భయం, దిగులు, కదిలితే ఏదో విరుగుతుందన్న ఆందోళన ఎవరికి ఎక్కువగా ఉన్నాయో అది ముందే పట్టిస్తుంది. ఉద్యోగానికి వెళ్తున్నారా, సెలవులో ఉంటే ఎన్నాళ్లుగా, నొప్పి మొదలై ఎంతకాలమైంది, ఇంతకుముందు వెన్ను ఆపరేషన్ జరిగిందా, పొగ తాగుతారా అన్నవీ అడగండి. పొగ సంగతి మొక్కుబడి ప్రశ్న కాదు. స్వేస్పైన్‌లో నరాల దారి ఇరుకు కోసం ఆపరేషన్ చేయించుకున్న 4555 మందిని పరిశీలించి 2011లో ప్రచురించినప్పుడు, పొగతాగేవారు రెండేళ్లకు తక్కువగా కోలుకున్నట్టు తేలింది. ఇంతకుమించి పెంచకండి. మంచి ప్రశ్న అనిపించిన ప్రతిదాన్నీ చేర్చుకుంటూ పోతే ఫారం నాలుగు పేజీలవుతుంది, చివరి రెండు పేజీలు ఖాళీగా తిరిగివస్తాయి. ప్రశ్నావళులను సొంతంగా అనువదించుకోవద్దు. మీ రోగుల భాషలో పరీక్షించి ఆమోదించిన రూపం ఉందేమో చూడండి, వాడుకోవడానికి అనుమతి తీసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫారంలో ప్రమాద సూచనలేవైనా అడిగితే, ఆ జవాబును అదే రోజు చూసే మనిషి ఉండాలి. మూత్రం మీద అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రోజురోజుకూ కాలు బలహీనపడటం వంటివి గంటల్లో స్పందించాల్సిన సంగతులు. రోగి ఇంటినుంచి రాత్రిపూట ఫోనులో ఆ గడికి అవునని పెడితే, మీరు చూసేది వచ్చే వారమైతే, నష్టం తిరిగి పూడ్చలేనిది కావచ్చు. అలా వెంటనే చూసే ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్నలు ఫారంలో పెట్టవద్దు, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి. అలాంటి లక్షణం ఉంటే ఫారం కోసం ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలని ప్రతి ఫారం పైనా పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఇప్పుడు నా షరతు దగ్గరికి వస్తాను. ఒక రోగి మూడు నెలల తర్వాత వచ్చిందనుకుందాం. ఎలా ఉందమ్మా అంటే ‘నొప్పి అలాగే ఉందండీ’ అంటుంది. నొప్పి స్కోరు ఏడు నుంచి ఆరుకు దిగింది, అంతే. అంకె ఒక్కటే చూస్తే, మాట ఒక్కటే వింటే, వైద్యుడు మాత్ర మారుస్తాడు లేదా స్కాన్ రాస్తాడు. కానీ పక్కనే ఓస్వెస్ట్రీ 48 నుంచి 26కు వచ్చినట్టు తెరమీద కనబడుతుంది. ఆమె మళ్లీ పనికి వెళ్తోంది, రాత్రి నిద్రపోతోంది. అది చూపించి, ‘మొదట వచ్చినప్పుడు పదిహేను నిమిషాలు కూర్చోలేకపోయేవారు, ఇప్పుడు గంట కూర్చుంటున్నారు’ అంటే ఆమె ముఖంలోనే తేడా తెలుస్తుంది. చికిత్స అదే దారిలో కొనసాగుతుంది, అనవసరమైన స్కాన్ ఒకటి తప్పుతుంది. ఇందుకు విరుద్ధంగా నొప్పి బాగా తగ్గినా వంగడానికి భయపడుతూ, సెలవులోనే ఉండిపోయిన మనిషి కూడా ఉంటాడు. అతనికి కావాల్సింది నొప్పి మందు కాదని నొప్పి స్కోరునూ, పనుల స్కోరునూ పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది.

ఎంత మార్పును మార్పుగా లెక్కించాలన్న ప్రశ్న మీ సిబ్బంది అడుగుతారు. నడుమునొప్పి విషయంలో 2008లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన కొలబద్ద వాడుకలో ఉంది: మొదటి స్కోరులో 30 శాతం తగ్గుదల. అంకెల్లో చూస్తే నొప్పిలో రెండు పాయింట్లు, ఓస్వెస్ట్రీలో పది పాయింట్లు. అంతకన్నా చిన్న తేడాను చూసి సంతోషించనూ వద్దు, కంగారుపడనూ వద్దు.

స్వీడన్ వారు ఇంకో అడుగు వేశారు. స్వేస్పైన్ వివరాల ఆధారంగా డైలాగ్ సపోర్ట్ అనే పరికరం తయారుచేశారు. ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్న రోగి వయసు, స్కోర్లు, అలవాట్లు వంటివి ఇస్తే, అలాంటి రోగులకు ఫలితం ఎలా వచ్చిందన్న ఆధారంతో అంచనా చూపుతుంది. రోగి, సర్జన్ పక్కపక్కన కూర్చుని దాన్ని చూస్తూ మాట్లాడుకోవచ్చు. మునుపటి రోగులు ఓపిగ్గా రాసిన జవాబు కొత్త రోగి నిర్ణయానికి ఇలా ఉపయోగపడటం నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

పోలిక గురించి మీ భయం అర్థవంతమైనదే. సర్దుబాటు చేయకుండా సగటులు పక్కపక్కన పెడితే కష్టమైన రోగులను చూసేవారే ఓడిపోతారు. మొదటి స్కోరు, నొప్పి ఎంతకాలం నుంచి ఉంది, వయసు, పాత ఆపరేషన్లు, మానసిక ఆందోళన, ఉద్యోగ స్థితి వీటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నాకే పోల్చాలి. చిన్న విభాగాల అంకెలు యాదృచ్ఛికంగానే పైకీ కిందికీ ఊగుతాయని పక్కనే చెప్పాలి. ఆదేశం ఇచ్చినవారి దగ్గర మూడు మాటలు ముందే రాయించుకోండి: మొదటి ఏడాది ఫలితాలు మీ విభాగానికి మాత్రమే కనిపిస్తాయి, వ్యక్తుల పేర్లతో పట్టిక ఉండదు, జీతానికీ పదోన్నతికీ ముడిపెట్టరు. ఈ మూడోదాని విషయంలో రాజీపడవద్దు. జీతం ముడిపడిన రోజున మొండి నొప్పులవారిని మరో చోటికి పంపడం మొదలవుతుంది, అంటే రిజిస్ట్రీ ఎవరికోసం పెట్టామో వారికే తలుపు మూసుకుంటుంది.

జవాబివ్వనివారి గురించి కొంత ఊరట ఉంది. నార్వేలో వెన్ను ఆపరేషన్ చేయించుకున్న 633 మందిలో 22 శాతం మంది రెండేళ్ల తర్వాత పంపిన ప్రశ్నావళికి స్పందించలేదు. వారిని వెతికి ఫోనులో అడిగితే, ఫలితాలు స్పందించినవారికి పెద్దగా భిన్నంగా లేవని 2011లో ప్రచురించారు. కానీ అది శస్త్రచికిత్సల లెక్క, జవాబు రానిది దాదాపు అయిదోవంతు మంది నుంచే. మీ దగ్గర సగంమంది జవాబివ్వకపోతే ఆ ఊరట వర్తించదు. ఉత్తరం, సందేశం పంపి ఊరుకోకుండా ఫోను చేయించండి. చదవలేనివారికి ప్రశ్నలు చదివి వినిపించండి, అయితే చదివేది వారికి చికిత్స చేసిన మనిషి కాకూడదు. తనకు వైద్యం చేసిన అమ్మాయి ఎదురుగా కూర్చుని అడుగుతుంటే ‘తగ్గలేదు’ అనడానికి ఎవరికైనా నోరు రాదు.

సమ్మతి పత్రం సరళమైన భాషలో ఉండాలి, కాదన్నవారికి వైద్యంలో ఏ తేడా రాకూడదు, విశ్లేషణకు ఇచ్చే వివరాల నుంచి పేర్లు తీసేయాలి. ఈ పనికి ఒక మనిషిని నియమించి, డ్యూటీ సమయంలోనే దానికి గంటలు కేటాయించాలి. అందరూ తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్న చోట ఫోన్లు చేసే పని మొదట ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ కోసం ఆగవద్దు. ముందు నడుమునొప్పి ఒక్కటే తీసుకుని కాగితం మీద మొదలుపెట్టండి, మెడ తర్వాత చేర్చవచ్చు. ఫారం అచ్చువేయించే ముందు అందరూ కూర్చుని, ప్రతి ప్రశ్న పక్కన ఈ జవాబును ఎవరు, ఎప్పుడు చదువుతారు, చదివి ఏం మారుస్తారు అని రాయండి. ఏమీ రాయలేని ప్రశ్నను కొట్టేయండి. కొట్టివేతలు పోగా మిగిలిన ఫారం నాకు చూపిస్తే, చికిత్స వివరాల భాగం మీతో కలిసి సరిచేయడానికి సిద్ధంగా ఉన్నాను.